ఏడో నంబరు బూట్లు

మా ఇంటి దగ్గర పార్కులో పొద్దున్నే పరిగెత్తే కుర్రాళ్ళను రోజూ చూస్తుంటాను. మొదటి రోజు మహా హుషారుగా వస్తారు. మూడో రోజుకు ఒకడు బెంచీ మీద కూర్చుని మడమ పిసుక్కుంటూ కనిపిస్తాడు. నాలుగో రోజు నుంచి వాడి జాడ ఉండదు. వీధిలో కనిపించినప్పుడు ‘ఏం నాయనా, రావడం లేదే’ అని అడిగితే, ‘బొబ్బలు తాతా’ అంటాడు, లోకంలో తనొక్కడికే వచ్చిన జబ్బన్నట్టు. వీళ్ళకు నా సంగతి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. బొబ్బల విషయంలో నేను అనుభవశాలిని. పరుగు విషయంలో మాత్రం కాను. ఈ రెండూ వేరువేరని తెలియడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో చేతికి రాబోయే ఉద్యోగం కాస్తా పోయేంత పనయింది.

ఇది యాభైలనాటి మాట. మేము మద్రాసు చూలైలో ఉండేవాళ్ళం. మావాళ్ళు మద్రాసుకు ఎప్పుడొచ్చారో మా తాతకే తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. మా నాయనది రేకు పని. బకెట్లు, గరాటాలు, ట్రంకు పెట్టెలు చేసేవాడు. ఇంటి ముందుగదే కొట్టు. పొద్దున మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా సుత్తి దెబ్బలే. ముప్పై ఏళ్ళు ఆ మోత విని విని ఆయనకు చెవుడు వచ్చింది. మనం మామూలుగా మాట్లాడితే పెదాలు కదిలించి ఏడిపిస్తున్నామని కోప్పడేవాడు.

నేను పన్నెండో ఏట నుంచి ఆయన పక్కన కూర్చుని రేకులు వంచేవాణ్ణి. పందొమ్మిది నిండాక ఒకరోజు ఆయనే సుత్తి కింద పెట్టి అన్నాడు. “రేయ్, నా చెవులు ఎట్టాగూ పోయినాయి. నీయన్నా మిగలనీ. యాడన్నా చెవులతో పనుండే ఉద్యోగం చూసుకో.”

నాకూ అదే కావాలి. ఆ మోతంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణసంకటం. రాత్రి పడుకున్నా చెవుల్లో టంగుటంగుమనేది. ఇంకో ఏడాది అక్కడ కూర్చుంటే నేనూ ఆయనలాగే అందరి మీదా అరుస్తానని భయం పట్టుకుంది.

ఇంటికి గంట నడక దూరంలో ఒక నూలు మిల్లు ఉండేది. పేరు చెప్పను, ఇప్పుడది లేదు కూడా. దూదికి నిప్పంటుకుంటే ఊళ్ళో ఫైరింజను వచ్చేదాకా ఆగదు గనుక మిల్లుకు సొంతంగా ఫైరు దళం ఉండేది. అందులోకి ఎనిమిది మందిని తాత్కాలికంగా తీసుకుంటున్నారని తెలిసి పోయాను. కండలు చూశారు, కళ్ళు చూశారు, తీసుకున్నారు. మూడు నెలలు శిక్షణ. చివర ఒక పరీక్ష. మిల్లు వెనక మైదానంలో బూట్లు తొడుక్కుని మైలు దూరం పరిగెత్తాలి, మేనేజరు దొర ఎదురుగా. మొదట వచ్చిన నలుగురు పర్మనెంటు. మిగతా నలుగురు ఇంటికి. అంటే నా విషయంలో రేకుల ముందుకు.

నేను అప్పటికి జీవితంలో బూటు తొడిగినవాణ్ణి కాను. చెప్పులు కూడా పెళ్ళిళ్ళకే. మిగతా రోజులన్నీ వట్టి కాళ్ళే.

బూట్లివ్వడానికి మమ్మల్ని స్టోర్సు కిటికీ ముందు వరసగా నిలబెట్టారు. కిటికీ అవతల స్టోరుకీపరు. ముక్కు చివర కళ్ళజోడు, నుదుట నిలువు నామం, మొహంలో నవ్వు మచ్చుకైనా లేదు. ఆయనా మావంటి పాతకాపు మద్రాసు తెలుగువాడే. ఆయన వెనక అటక మీద యుద్ధం అయిపోయాక మిగిలిన సైన్యం బూట్లు కుప్పలుగా ఉన్నాయి. తోలు చెక్కలా బిగుసుకుపోయి ఉంది.

వరసలో మొదటివాడు అంతకుముందు బ్యాండు మేళంలో బాకా ఊదినవాడు. వాణ్ణి మేం బ్యాండువాడనే పిలిచేవాళ్ళం.

“నంబరు?” అన్నాడు స్టోరుకీపరు.

“ఏడు సార్,” అన్నాడు బ్యాండువాడు. మేళంలో బూట్లు తొడిగిన అలవాటు గనుక వాడికి తెలుసు. ఒక జత తీసి ఇచ్చి పుస్తకంలో సంతకం చేయించుకున్నారు. తిట్లూ లేవు, గొడవా లేదు.

రెండోవాడు ముందుకొచ్చాడు. “నంబరు?”

వాడు ఒక్క క్షణం ఆలోచించాడు. ముందువాడు ఏడంటే బూట్లొచ్చాయి. “ఏడు సార్.” వాడికీ ఒక జత ఇచ్చారు. మూడోవాడూ ఏడే అన్నాడు. నా ముందున్నవాడు గూడూరు నుంచి వచ్చిన పొట్టివాడు. నిలబడితే నా భుజం దాకా వచ్చేవాడు. వాడూ గొంతు సవరించుకుని ఏడన్నాడు. నా వంతు వచ్చేసరికి ఏడనేది ఫైరు దళం వాళ్ళ బూటు పేరేమో అనుకున్నాను. కాలికో నంబరుంటుందని నాకు చెప్పినవాళ్ళు ఎవరు? మా ఇంట్లో నంబర్లు ఉండేవి తలుపుకూ గడియారానికీ మాత్రమే. నేనూ ఏడే అన్నాను, అదీ కాస్త గట్టిగా, నమ్మకంగా.

“సార్, ఒకసారి తొడిగి చూసుకోవచ్చా?” అని నా వెనకవాడు అడిగాడు.

“తొడిగి చూసుకునేదానికి ఇది నీ అత్తగారిల్లా? సంతకం పెట్టినావంటే ఏడాది దాకా మార్చేది లేదు. పోండి పోండి,” అన్నాడు స్టోరుకీపరు.

అలా ఎనిమిది మందిమీ ఏడో నంబరు బూట్లతో బయటికొచ్చాం. మైదానంలో కూర్చుని తొడుక్కున్నాం. నా కాలు సగం లోపలికి పోయి ఆగింది. రెండు చేతులతో పట్టుకుని, పళ్ళు బిగించి, నేలకేసి తన్ని లోపలికి తోశాను. లేచి నిలబడితే వేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. చుట్టూ చూశాను. ఎవ్వడూ కిక్కురుమనలేదు. అందరూ గంభీరంగా నిలబడి ఉన్నారు. బూటంటే ఇలాగే ఉంటుంది కాబోలు, దొరలు ఊరికే మొహం మాడ్చుకుని తిరగరు గదా అనుకున్నాను.

మా శిక్షణ మాస్టరు సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చిన అరవాయన. మాతో తనదైన తెలుగు మాట్లాడేవాడు. మీసం, ఈల, చేతిలో చిన్న బెత్తం. మొదటిరోజే మైదానం చుట్టూ రెండు చుట్లు తిప్పాడు. ఐదు చుట్లైతే మైలు. రెండో చుట్టులోనే నాకు పక్కటెముకల కింద పొడుపు, పిక్కలు రాళ్ళయ్యాయి, బొటనవేలి గోరు బూటు ముక్కుకు కొట్టుకుంటోంది. అయిపోయాక ధైర్యం చేసి అడిగాను.

“మాస్టర్, బూటు కరుస్తోంది.”

ఆయన నా కాళ్ళ వంక కాదు, నా మొహంలోకి చూశాడు. “బూటు కరస్తాదా తంబీ? నువ్వూ తిరిగి కరువు!”

అందరూ నవ్వారు. ఆ నవ్వు విన్నాక కాళ్ళ గురించి నోరెత్తడం అయిపోయింది. నాదే కాదు, అందరిదీ. ఎవడి బాధ వాడికి. పైగా నాలుగు ఉద్యోగాలకు ఎనిమిది మందిమి. పక్కవాడి ముందు కుంటితే వాడి ధైర్యం పెరుగుతుందని లెక్క. కాబట్టి మైదానంలో ఉన్నంతసేపూ రొమ్ము విరుచుకుని నడిచేవాళ్ళం. గేటు దాటి మూల తిరిగాక మాత్రం నేను బూట్లు విప్పి, లేసులు ముడేసి మెళ్ళో వేలాడదీసుకుని వట్టి కాళ్ళతో ఇంటికి పోయేవాణ్ణి. అందరూ అదే మూల తిరిగి అదే పని చేసేవారని నాకు తర్వాత తెలిసింది. ఒక్కొక్కడూ ముందువాడు కనుమరుగయ్యేదాకా ఆగేవాడట.

పది రోజులకు నా పాదాల పరిస్థితి ఇదీ. మడమల వెనక పావలా అంత బొబ్బలు. చిటికెన వేళ్ళ తోలు ఊడింది. రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నల్లబడ్డాయి. పొద్దున పక్క మీద నుంచి లేచి అడుగు పెడితే అరికాల్లో మేకు దిగినట్టుండేది.

కొత్త చెప్పు కరిస్తే ఆముదం రాస్తారు మన ఇళ్ళల్లో. నేనూ అదే చేశాను. బూట్ల నిండా ఆముదం పోసి రాత్రంతా నానబెట్టాను. తోలు మెత్తబడలేదు గాని మర్నాడు పరిగెత్తుతుంటే లోపల కాలు జారి జారి, బూటొకవైపు నేనొకవైపు పోయాం. ఆ వాసనకు వీధి కుక్కొకటి మిల్లు గేటు దాకా నా వెంటే వచ్చింది.

చివరికి మా అవ్వ రంగంలోకి దిగింది. నాయనకు తల్లి. నా కాళ్ళు చూసి గుండెలు బాదుకుంది. “అయ్యో, నా తండ్రీ! ఏందిరా ఈ కాళ్ళు! నిప్పులార్పే దానికి పోయినావా, నిప్పుల్లో దూకే దానికి పోయినావా?”

“ఊరుకో అవ్వా, నాయన వింటాడు,” అన్నాను.

“వాడేం వింటాడు, వాని మొహం! ఈడ కూర్చో.”

గోరింటాకు రుబ్బుకొచ్చింది. అరికాళ్ళ మంటకు దానికి మించింది లేదట, తోలు కూడా గట్టిపడుతుందట. నేను లేచి పారిపోబోయాను. “మొగోడికి గోరింటాకేందవ్వా? నవ్విపోతారు.”

“బూటు లోపల ఉండేదాన్ని యెవుడు చూస్తాడ్రా? నోర్మూసుకుని చాపు కాళ్ళు.”

చాపాను. ఆవిడ ఏదైనా మొదలుపెడితే సగంలో ఆపే మనిషి కాదు. అరికాళ్ళకే కాక మీదికి కూడా, వేళ్ళకు గోళ్ళకు, చుట్టూ పారాణిలా పట్టించింది. పొద్దున కడిగితే నా పాదాలు పెళ్ళికూతురి పాదాల్లా ఎర్రగా పండాయి. మంట తగ్గిన మాట నిజం. రెండు వారాలకోసారి ఆ వైభోగం నడుస్తూ ఉండేది.

మధ్యమధ్యలో మాలో మాకు పరీక్ష పరుగులు పెట్టేవాడు మాస్టరు. ప్రతిసారీ బ్యాండువాడే మొదట. నవ్వుకుంటూ వచ్చేవాడు. వాడిదేదో దైవదత్తమైన పరుగని మేమంతా నమ్మాం. మాస్టరు వాణ్ణి చూపించి, “చూడండ్రా, వాడికి బూటు కరవలా? కరస్తాది. వాడు ఓర్చుకుంటాడు, అంతే!” అనేవాడు. వాడు వినయంగా తల దించుకునేవాడు. వాడికి బూటు కరవడం లేదనే సంగతి వాడూ చెప్పలేదు, ఎందుకు చెప్తాడు?

నేను సాధారణంగా ఐదోవాణ్ణి. నాలుగుకూ ఐదుకూ మధ్యనున్న ఆ ఒక్క మెట్టు తలచుకుంటే నాకు అన్నం సయించేది కాదు. బూటు ఒక్కటి కరవకుండా ఉంటే నేనూ బ్యాండువాడంత పరిగెత్తేవాణ్ణని నా గట్టి నమ్మకం. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

పరీక్ష రోజు వచ్చింది. మైదానం ఒక పక్క గొడుగు కింద మేనేజరు దొర కుర్చీలో కూర్చున్నాడు. అరవం కొద్దిగా వచ్చు ఆయనకు. పక్కన గేటు జమేదారు. ఈయన గురించి కొంచెం చెప్పాలి. పని దిగి పోయే ప్రతి మనిషినీ తడిమి చూసి పంపడం ఆయన పని. పంచె మడతలో దూది పీచు కనిపించినా అక్కడికక్కడే చీటీ చింపించి పనిలోంచి తీయించేవాడు. దూది దొంగతనం ఆ మిల్లులో అన్నిటికన్నా పెద్ద నేరం.

మాస్టరు ఈల వేశాడు. పరిగెత్తాం. మొదటి చుట్టు బాగానే గడిచింది. రెండో చుట్టుకు నా చిటికెన వేలు ఉందో ఊడిందో తెలియలేదు. మూడో చుట్టులో నేను ఎప్పటిలాగే ఐదోవాణ్ణి. నా ముందు నాలుగోవాడు గూడూరువాడు, పొట్టి కాళ్ళతో టపటపా కొట్టుకుంటూ పోతున్నాడు. దొర కుర్చీ ఎదురుగా రాగానే వాడి కుడి బూటు కాలి నుంచి ఊడి గాల్లోకి లేచింది. రెండు పల్టీలు కొట్టి దొర కాళ్ళ ముందు పడింది. పడి ఊరుకోలేదు. అందులోంచి గుప్పెడు దూది ఉండ బయటికి దొర్లింది.

జమేదారు ఒక్క గెంతులో వచ్చి గూడూరువాడి రెక్క పట్టుకున్నాడు. “దొంగ నా కొడకా! బూటులో దాచి దూది తోలుతున్నావా? ఎన్నాళ్ళ నుంచిరా?”

“అయ్యా, కాదయ్యా, నేను… అది చెత్త దూదయ్యా,” అంటూ వాడు వణికిపోతున్నాడు. భయంతో వాడికి మాట పెగలడం లేదు.

ఇక్కడ నేను మీకు అబద్ధం చెప్పదలుచుకోలేదు. వాడు ఆగిపోయాడు గనుక నేను నాలుగోవాణ్ణయ్యాను. ఇంకో రెండు చుట్లు ఎలాగో ఈడిస్తే పర్మనెంటు. నేను ఆగకుండా వాణ్ణి దాటుకుని పోయాను. ఒక ఇరవై అడుగులు పోయాను కూడా. వాడి ఏడుపు వెనక నుంచి వినిపిస్తోంది. వాడికి గూడూరులో ఎవరున్నారో ఏమో నాకు తెలియదు, కానీ దొంగ అని చీటీ చింపి పంపితే వాణ్ణి మళ్ళీ ఏ మిల్లూ గేటు లోపలికి రానివ్వదని తెలుసు. వాడు దొంగ కాడని కూడా నాకు ఆ బూటు ఎగిరిన తీరు చూస్తేనే అర్థమైంది. నా బూటు ఎగరమన్నా ఎగరదు. దాన్ని విప్పడానికి రోజూ పావుగంట పట్టేది. అంటే అదే ఏడో నంబరు నాకు చిన్నది, వాడికి పెద్దది.

ఆగాను. వాడి మీద జాలి సగం, చిటికెన వేలి నొప్పి సగం.

వెనక్కి వచ్చి దొర ముందు నిలబడి ఆయాసపడుతూ అరవంలో చెప్పేశాను. అయ్యా, ఇతను దొంగ కాడు, బూటు పెద్దదైపోయి దూది కుక్కుకున్నాడు. నాది చిన్నదైపోయింది. మాకెవరికీ మా కాలి నంబరు తెలియదు. ముందువాడు ఏడన్నాడని అందరం ఏడన్నాం.

దొర కనుబొమలెత్తాడు. జమేదారు, “కట్టు కథ దొరా, ఇద్దరూ కూడబలుక్కున్నారు,” అన్నాడు.

రుజువు కావాలి గదా. నేల మీద కూర్చుని నా బూట్లు లాగాను. రోషంలో ఉన్నానేమో, ఒక్క ఊపులో ఊడొచ్చాయి. లాగాక గాని గుర్తు రాలేదు. ఎండలో, దొర ఎదురుగా, నిప్పులార్పే దళం వాడి రెండు పాదాలూ గోరింటాకుతో ఎర్రగా నిగనిగలాడుతున్నాయి.

దొర కుర్చీలోంచి ముందుకు వంగి నా కాళ్ళ వంక చాలాసేపు చూశాడు. తర్వాత తనకొచ్చిన అరవంలో మర్యాదగా అడిగాడు. “కల్యాణమా?”

భూమి బద్దలై నన్ను మింగితే బాగుండుననిపించింది. కానీ నా అవమానం చూసి మిగతావాళ్ళకు ధైర్యమొచ్చినట్టుంది. పరిగెత్తేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పక్కన కూర్చుని బూట్లు విప్పారు. ఒకడి పాదాలు పసుపు ముద్దలు. ఒకడు ఆముదపు ఆకులు చుట్టుకుని నారతో కట్టుకున్నాడు. ఒకడు కొవ్వొత్తి కరిగించి మడమలకు పోసుకున్నాడు, అది పెచ్చులుగా రాలుతోంది. ఇంకొకడు ఏమీ చేయలేక కాళ్ళ నిండా విభూతి పూసుకుని దేవుడి మీద భారం వేశాడు. బ్యాండువాడొక్కడే ఐదు చుట్లూ ముగించి, గీత దాటి, చేతులు పైకెత్తి చూస్తే వాణ్ణి పట్టించుకునే నాథుడు లేడు.

మాస్టరు వచ్చి ఆ పాదాల వరస ముందు నడిచాడు, కవాతు తనిఖీ చేసేవాడిలాగే. చివరికొచ్చేసరికి ఆయన మీసం వణికింది. “ఏండా, నాకెందుకు చెప్పలా?”

“మీరే గదా మాస్టర్, బూటు కరిస్తే తిరిగి కరవమన్నారు,” అన్నాడు విభూతివాడు.

ఆయన దొర వైపు తిరిగి మడమలు కలిపి సెల్యూటు కొట్టి, తప్పు పిల్లలది కాదు, చూసుకోవలసిన నాదని చెప్పాడు. నాకు ఆయన మీద ఉన్న కసి అంతా ఆ సెల్యూటుతో పోయింది. దొర నవ్వాపుకోలేక గొడుగు చాటుకు మొహం తిప్పుకున్నాడు. గూడూరువాణ్ణి వదలమన్నాడు. అందరికీ సరైన బూట్లివ్వాలి, కాళ్ళు మానాక, రెండు వారాలాగి, మళ్ళీ పరుగు పెట్టాలి అన్నాడు.

ఆ మాట విని స్టోరుకీపరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. “మీ కాళ్ళ నంబర్లు మీకే తెలీకపోతే నాకెట్టా తెలస్తాదయ్యా? పాత సరుకు, సగం బూట్లకు కింద అచ్చు కూడా అరిగిపోయినాది. వందల జతలు ఒక్కొక్కటే మీ కాళ్ళకు తొడిగేదానికి నేనేమన్నా మీ అవ్వనా?”

గోరింటాకు సంగతి ఆయన దాకా పోయిందన్నమాట.

మా నాయన డబ్బాకు మూత చేసేటప్పుడు డబ్బాను రేకు మీద బోర్లించి చుట్టూ గీత గీస్తాడు. నాకు తెలిసిన కొలత అదొక్కటే. స్టోర్సు గదిలో పాత అట్టలు పరిచి ఒక్కొక్కణ్ణీ నిలబెట్టి పాదం చుట్టూ సుద్దముక్కతో గీశాను. కత్తిరించి, ఆ అట్టను బూటు లోపల పెట్టి చూస్తే సరిపోయేదేదో తెలుస్తుంది. పొద్దున గీసిన అట్టలతో బూట్లు ఎంచి పెట్టాను. సాయంత్రం తొడిగించి చూస్తే సగం మందికి బిగుతు. ఏమిటా అని మళ్ళీ గీసి చూస్తే, రోజంతా నిలబడిన పాదం పొద్దుటి కన్నా పెరిగి ఉంది. పైగా మాలో చాలామందికి ఎడమ కాలూ కుడి కాలూ ఒకటి కాదు. అప్పుడు అన్నీ పారేసి, సాయంత్రం పూట మళ్ళీ మొదలుపెట్టి, పెద్ద కాలికి గీసి, బొటనవేలి ముందు ఒక వేలు మందం చోటు వదిలాను. మూడు రోజులు పట్టింది. స్టోరుకీపరు కళ్ళజోడు మీద నుంచి చూస్తూ కూర్చున్నాడు. మొదటి రోజు తిట్టాడు. రెండో రోజు తిట్టలేదు. మూడో రోజు నాకూ ఒక గ్లాసు కాఫీ తెప్పించాడు.

నాది తొమ్మిదో నంబరు అని తేలింది. గూడూరువాడిది ఐదు. బ్యాండువాడిది నిజంగానే ఏడు.

రెండు వారాల తర్వాత మళ్ళీ మైదానం, మళ్ళీ గొడుగు. తొమ్మిదో నంబరు బూట్లు, లోపల మేజోళ్ళు. తొడుక్కుని నాలుగడుగులు వేస్తే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. వేళ్ళన్నీ ఎవరి చోట్లో వాళ్ళున్నారు. ఇక చూడండి నా తడాఖా అనుకున్నాను. బ్యాండువాడి వైపు జాలిగా చూశాను.

ఈల పడింది. మొదటి చుట్టు అయ్యేసరికి నా ముందు ఏడుగురి వీపులున్నాయి.

రెండో చుట్టులోనూ ఏడే. మూడో చుట్టుకు ఆ వీపులు చిన్నవయ్యాయి. మడమ నొప్పి లేదు. గోరు తగలడం లేదు. బొబ్బ లేదు, మంట లేదు, జారడం లేదు. నా కాళ్ళు జీవితంలో ఎన్నడూ అంత సుఖంగా లేవు. అంత సుఖంగా ఉన్న కాళ్ళతో అంత మెల్లగా పరిగెత్తినవాణ్ణి ఆ మిల్లు అంతకు ముందు చూసి ఉండదు. ఇన్నాళ్ళూ నేను ఐదోవాడిగా రావడానికి కారణం తక్కినవాళ్ళ కాళ్ళు నాకన్నా అధ్వానంగా ఉండటమేనని నాలుగో చుట్టులో అర్థమైంది. సాకు చెప్పుకోవడానికి బూటు కూడా మిగల్లేదు. అన్నిటికన్నా దానికే బాధేసింది.

గూడూరువాడు మొదట వచ్చాడు. వాడు పరిగెత్తుతుంటే బూట్లున్నట్టే లేదు. బ్యాండువాడు నాలుక బయటపెట్టి నాలుగోవాడిగా వచ్చి పడ్డాడు. నేను ఎనిమిదోవాణ్ణి. నేను గీత దాటేసరికి దొర గొడుగు మడిపించి వెళ్ళిపోతున్నాడు.

మాస్టరు నా భుజం మీద చెయ్యేశాడు. “తంబీ, నీ కాళ్ళు మంచి కాళ్ళే. అయితే, పరిగెత్తే కాళ్ళు గాదు.”

గూడూరువాడు నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. నాకు వాణ్ణి ఓదార్చాల్సి వచ్చింది. బూట్లు వాపసు ఇవ్వాలి గనుక స్టోర్సుకు పోయాను. మర్నాటి నుంచి నాయన పక్కన, ఆ మోతలో. కిటికీలోంచి బూట్లందించాను. స్టోరుకీపరు తీసుకుని, తిప్పి చూసి, దుమ్ము దులిపి, పక్కన పెట్టాడు.

“రేపు ఎన్ని గంటలకి వస్తావు?”

“ఎక్కడికి సార్?”

“ఈడికే. యాడికనుకున్నావు? ఆ అట్టలన్నీ అట్టే పడున్నాయి. మిల్లులో బూటు తొడిగే ప్రతివాడి కాలికీ అట్ట చేసి పెట్టాల. ఒక అసిస్టెంటు కావాలని దొరను పోయినవారమే అడిగినా. పర్మనెంటే. ఆయన ఏమన్నాడో తెలసా? వాడు పరుగులో నెగ్గితే ఫైరుకు, నెగ్గకపోతే నీకు అన్నాడు.” కళ్ళజోడు తీసి తుడుచుకుని గొంతు తగ్గించాడు. “నువ్వు ఓడిపోవాలని ఏడుకొండలవాడికి కొబ్బరికాయ మొక్కుకున్నానబ్బా. తప్పుగా అనుకోవద్దు.”

నా మొహంలో ఏం కనిపించిందో గాని ఆయన కిటికీ తలుపు సగం మూసేసి, “సరి సరి, పో. ఎనిమిదికంతా రావాల,” అన్నాడు.

ఆ స్టోర్సులో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను, చివరి పన్నెండేళ్ళు ఆ కిటికీ వెనక స్టోరుకీపరుగా. కొత్తగా పరిగెత్తే పిల్లలకు నేను చెప్పేది ఇంతే. సాయంత్రం పూట కొలిపించుకోండి. పెద్ద కాలికి తీసుకోండి. వేలి ముందు చోటు ఉంచుకోండి. నొప్పెడితే నొప్పెడుతోందని పైకి చెప్పండి, పక్కవాడూ అదే దాచుకుని ఉంటాడు. ఇవన్నీ చేశాక కూడా ఎనిమిదోవాడిగానే వస్తే దిగులుపడకండి. అదీ తెలుసుకోదగ్గ సంగతే.

ఉద్యోగం వచ్చిన ఆ సాయంత్రం ఇంటికి నడిచి రాలేదు, గాల్లో తేలుకుంటూ వచ్చాను. నాయన ముందుగదిలో బకెట్టు అడుగు కొడుతున్నాడు. ఎదురుగా నిలబడి చెప్పాను. వినపడలేదు. దగ్గరికి పోయి చెవి పక్కన అరిచాను. “నాయనా! ఉద్యోగం వచ్చింది! పర్మనెంటు!”

సుత్తి ఆగింది. చుట్టుపక్కల కొట్ల వాళ్ళు కూడా పని ఆపి వింటున్నారు. అవ్వ లోపలి నుంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

“గెలిచినావా?” అన్నాడు నాయన.

“లేదు! అందరికన్నా చివర వచ్చినాను! స్టోర్సులో ఇచ్చినారు!”

ఆయన సుత్తి కింద పెట్టాడు. “స్టోర్సులో ఏం పని?”

“బూట్లు కొలిచి ఇచ్చే పని! కూర్చునే ఉండొచ్చు!”

“పరిగెత్తే పని లేదా?”

“లేదు నాయనా! అడుగు కూడా కదలక్కర్లేదు!”

ఆయన నా మొహం చూశాడు. కిందికి వంగి, ఎర్రగా పండి మచ్చలు పడ్డ నా పాదాలు చూశాడు. మళ్ళీ నా మొహం చూశాడు. చెవిటివాళ్ళ గొంతు ఎలా ఉంటుందో మీకు తెలుసు గదా, వీధి ఆ చివరి దాకా వినపడింది.

“అట్టాంటప్పుడు మూన్నెల్లు ఎందుకురా అట్టా పరిగెత్తి చచ్చినావు?”

వీధంతా గొల్లుమంది. నేను లోపలికి పోయి కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నాను. కాసేపటికి ఆయనా వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆ పూట మళ్ళీ సుత్తి పట్టుకోలేదు.